కఱవుసీమలో సేవాధర్మము

దానము మన గృహములకు క్రొత్త విషయము గాదు. వాకిట నిలిచిన యాచకునకు చేరెడు గింజలు వేయనిదే తాము భోజనమునకు కూర్చుండని యిల్లాండ్రు మన తల్లుల తరమున పెక్కుమంది యుండిరి. ఆ చేరెడు గింజలు ఆనాటి యాకలిని తీర్చును. మఱునాడు ఆ యాచకుడే మరల ఆ వాకిటనే నిలుచును. అతడు తిరిగి చేయి చాపనక్కఱలేకుండ చేయగల దాన మెట్టిది? దానిని ఒక్కరు చేయగలరా, పదిమంది కూడవలయునా? పుచ్చుకొనువారి మానమును కాపాడుట యెట్లు? ఈ ప్రశ్నలకు ఎండిన నేలమీదనే సమాధానము వెదకిన సంస్థ యొకటి మా అనంతపుర సీమయందు 1969వ సంవత్సరమునుండి పనిచేయుచు వచ్చినది. దాని పేరు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. పల్లెజనులు దానిని ఆర్డీటీ యని పిలుతురు. ఆ సంస్థ చరిత్రమును మా సోదరీమణులకు తెలుపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

సీమ స్వభావము

సంస్థను గూర్చి చెప్పుటకు ముందు నేలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. నైరుతి ఋతుపవనములు తెచ్చు మేఘములు పడమటి కనుమలకు తాకి ఆవలివైపుననే వర్షించి, మా సీమకు చేరునప్పటికి బరువు దిగిన బండ్లవలె తేలికపడును. బంగాళాఖాతమునుండి వచ్చు ఈశాన్యపు వానలును తీరమున కురిసినంతగా ఇంతదూరము రావు. ఇట్లు రెండు వానలకును కడపటి పంక్తిలో కూర్చున్న సీమ యిది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. అదియు కాలమునకు పడునను నమ్మకము లేదు. మనదేశమున రాజస్థానమందలి జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వాన గల జిల్లా ఇదియే యని చెప్పుదురు. పెన్న, చిత్రావతి, హగరి యను నదులు కలవు. కాని సంవత్సరమున పెక్కు నెలలు వానియందు ఇసుకయే కనబడును.

విజయనగర రాజుల కాలమున త్రవ్వించిన చెఱువులు ఈ నేలను చిరకాలము పోషించినవి. అనంతపుర పట్టణమును, దాని చేరువనున్న బుక్కరాయసముద్రమును చెఱువులను బట్టి వెలసినవే. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఆంగ్ల కంపెనీవారికి వదలుకొనెను. 1882లో బళ్లారి జిల్లానుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పఱచిరి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ జిల్లాయు రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వెలసినది. హద్దు లెన్ని మాఱినను ఎఱ్ఱనేల మాఱలేదు, వానకై ఎదురుచూచుటయు మాఱలేదు. ఈ వ్యాసమున అనంతపుర సీమ యనునప్పుడు ఈ రెండు జిల్లాలను కలిపియే చెప్పుచున్నాము.

కఱవు వచ్చినప్పుడు ముందుగా దాని దెబ్బ తగులునది స్త్రీకే. బావి యెండినచో బిందె పట్టుకొని క్రోసెడు దూరము నడచునది ఆమెయే. గింజలు తఱిగినచో బిడ్డలకును మగనికిని పెట్టి, మిగిలిన కలిని తాను త్రాగునది ఆమెయే. పురుషుడు పనికై బెంగుళూరునకో మఱియొక చోటికో వలసపోయినచో, వృద్ధులను, బిడ్డలను, పశువులను, అప్పులవారిని కనిపెట్టుకొని యుండునది ఆమెయే.

గంజి పోసిన కాలము

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పాడుచేసిన ధాతు కఱవున ఈ సీమ మిక్కిలి నష్టపడినది. ప్రభుత్వము సహాయపు పనులు పెట్టి, రోడ్లు వేయించి, గుంటలు త్రవ్వించి కూలి యిచ్చెను. సర్ రిచర్డు టెంపులను అధికారి ఆ కూలిని తగ్గించి, రోజునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానితోపాటు కొలదిపాటి కాసును చాలునని నిర్ణయించెను. దినమెల్ల మన్ను మోయు మనుష్యునకు ఆ తిండి చాలదని చెన్నపట్టణమందలి డాక్టరు కార్నిషుగారు గట్టిగా వాదించిరి. ఎంత తక్కువ తిండితో మనుష్యుడు బ్రదుకగలడను లెక్కయే ఆనాటి సహాయమునకు కొలబద్ద యయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952 ప్రాంతమున రాయలసీమకు మరల ఘోరమైన కఱవు వచ్చినది. ఊరూర గంజి కేంద్రములు పెట్టిరి. ముంతలు, సత్తుగిన్నెలు పట్టుకొని తల్లులు బిడ్డలతో బారులు తీరిరి. ఆ గంజి వేలకొలది ప్రాణములను నిలిపినది. దానిని తేలికగా చూచుట మా తలంపు గాదు. కాని వాన పడగానే కేంద్రములు మూతపడినవి. బావులు ఎప్పటివలెనే నిస్సారముగా నుండెను. వాడల యిండ్లు ఎప్పటివలెనే బోదకప్పు గుడిసెలు. మఱుసటి కఱవునకు మరల గంజియే శరణ్య మయ్యెను.

ఫెర్రరు దంపతులు

విన్సెంటు ఫెర్రరుగారు 1920లో స్పెయిను దేశమందలి బార్సెలోనా నగరమున జన్మించిరి. ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగగా చిన్నవయస్సుననే సైనికుడై పోరాడి, ఓడిన పక్షమువారితో ఫ్రాన్సు సరిహద్దు దాటి శరణార్థుల శిబిరమున కష్టములు పడిరి. ఆకలియు నిరాశ్రయతయు ఎట్టివో వారికి పుస్తకములవలన తెలిసినవి గావు. తరువాత జెసూటు సన్న్యాసులలో చేరి 1952లో మనదేశమునకు వచ్చిరి. మహారాష్ట్రమందలి మన్మాడు ప్రాంతమున పేదరైతుల నడుమ నివసించి, బావులు త్రవ్వుకొనుటకు వడ్డీలేని యప్పు లిచ్చి, పంట వచ్చిన పిదప తీర్చుమనిరి. వడ్డీవ్యాపారుల పట్టు సడలినది. రైతులకు ధైర్యము వచ్చినది. పెద్దలలో కొందఱకు ఇది కంటగింపయ్యెను.

1968లో వారిని దేశమునుండి వెడలిపొమ్మని ఆజ్ఞ వచ్చినది. అంతట మన్మాడు రైతులు ముప్పదివేలమంది బొంబాయికి నడచివచ్చి తమ మొఱ వినిపించిరని ఆ యుద్యమచరిత్ర చెప్పుచున్నది. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు, ఫెర్రరుగారు కొంతకాలము విదేశమున విశ్రమించి తిరిగి రావచ్చునని సందేశము పంపిరి. 1969లో వారు తిరిగి వచ్చి అనంతపురమును తమ కార్యక్షేత్రముగా చేసికొనిరి.

ఆ సమయముననే అన్నే పెర్రీ యను ఆంగ్లయువతి బొంబాయిలో పత్రికారచయిత్రిగా నుండెను. ఫెర్రరుగారిని ప్రశ్నలడిగి వ్రాయుటకు వెళ్లిన ఆమె, ఆ పనియందలి సత్యమును చూచి, తన యుద్యోగమును విడిచి వారితో పనిచేయ నిశ్చయించుకొనెను. 1970లో ఫెర్రరుగారు సన్న్యాససంఘమును వీడిరి. ఆ యేటనే వారిరువురకు వివాహమైనది. అప్పటికి ఆమెకు ఇరువదిమూడేండ్ల ప్రాయము. లోకము ఫెర్రరుగారి పేరే యెక్కువగా చెప్పును గాని, ఈ సంస్థ లెక్కలు, కార్యాలయము, కార్యకర్తల శిక్షణము, పల్లెస్త్రీల పనులు అన్నింటియందును ఈ యిల్లాలి చేయి కలదని మా పాఠికలు గుర్తింపవలయును.

తొలుత వారికి అనంతపురమున దొరకిన యింటి గోడమీద అద్భుతమునకై ఎదురుచూడుమను భావముగల కాగిత మొకటి అంటించియుండెనని ఫెర్రరుగారు ముచ్చటించెడివారట. అనంతపురమున ఆ యద్భుతము పలుగుపారలతో వచ్చినది.

చేసిన పనులు

సంస్థ ముందుగా చేరినది ఊరి నడివీధికి గాదు, ఊరికి వెలుపలనున్న మాల మాదిగ వాడలకును, సుగాలి తండాలకును. వానలేమి అందఱకును సమానమే యైనను, బావియొద్దకు పోవు హక్కు అందఱకును సమానముగా లేకుండెను. కఱవు అంటరానివాడలో రెండింతలుగా బాధించును. ఈ సత్యమును గ్రహించి, అట్టడుగున నున్నవారిని మొదట లేవనెత్తవలయునని సంస్థవారు నిశ్చయించిరి.

మా పాఠికలకు మిక్కిలి సంతోషము కలిగించు విషయము ఇండ్లను గూర్చినది. ఈ సంస్థ వేలకొలది పక్కాయిండ్లు కట్టించినది. ఆ యిండ్లను ఇంటి స్త్రీ పేరనే వ్రాయించుట వారి నియమము. ఈ యొక్క నియమమువలన ఎన్ని మార్పులు కలిగినవో ఆలోచింపుడు. మగడు త్రాగుడునకో జూదమునకో ఇంటిని తాకట్టు పెట్టజాలడు. అలిగి ఇల్లు వెడలిపొమ్మని ఆమెను గద్దింపజాలడు. వితంతువైన స్త్రీని బావమఱదులు వీధిలోనికి నెట్టజాలరు. తరతరములుగా పుట్టినింట ఆడపిల్ల యనియు, అత్తింట పరాయిపిల్ల యనియు అనిపించుకొనిన స్త్రీకి తన పేరున నాలుగు గోడలు నిలిచినవి.

ఇల్లు కలిగిన స్త్రీలు సంఘములుగా కూడిరి. వాడలోని స్త్రీలు వారమున కొకసారి కూర్చుండి చిన్న మొత్తములు దాచుకొనుట, ఆ మొత్తమునుండియే ఒకరి కొకరు అప్పిచ్చుకొనుట, పాడిపశువును కొనుట నేర్చిరి. దబ్బునకు సంబంధించిన మాటలతో మొదలైన ఆ కూటములలో క్రమముగా మఱికొన్ని మాటలును దొరలెను. పదమూడేండ్ల పిల్లకు పెండ్లి యేల? మగడు కొట్టినచో ఎవరితో చెప్పుకొనవలయును? ఇట్టి ప్రశ్నలు ఇంటిలో ఒంటరిగా అడిగిన ఏడ్పుగా మిగులును; పదిమందిలో అడిగిన ఊరి సమస్య యగును.

విద్యావిషయమున వారు అవలంబించిన పద్ధతియు గమనింపదగినది. ప్రభుత్వపు బడిలో పేరుండియు వాడపిల్లలు వెనుకబెంచీలలో కూర్చుండి, కొన్నాళ్లకు మానివేయుచుండిరి. అందులకై ప్రొద్దున సాయంకాలము వాడలోనే అనుబంధ పాఠశాలలు నడపి, పాఠములు మరల చెప్పించి, బడి మానకుండ చేసిరి. దూరపు హైస్కూలునకు పోవు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చిరి. చెవిటివారికిని, గ్రుడ్డివారికిని ప్రత్యేక పాఠశాలలు స్థాపించిరి. ఇంటి మూలను కూర్చుండబెట్టిన బిడ్డను బడికి పంపుటకు ఆ తల్లులను ఒప్పించుట బడి కట్టించుటకంటె కష్టమైన పని.

వైద్యమునకు కళ్యాణదుర్గము, కణేకల్లు, బత్తలపల్లి యను మూడుచోట్ల ఆసుపత్రులు వెలసినవి. వీనియందు పెద్దదైన బత్తలపల్లి ఆసుపత్రి 2000వ సంవత్సరమున ప్రారంభమైనది. పల్లెలలోనే కొందఱు స్త్రీలకు శిక్షణ నిచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నియమించిరి. గర్భిణి ఎవరు, బిడ్డ బరువు తగ్గినది ఎవరికి, టీకా తప్పినది ఎవరికి అని యింటింటికి తిరిగి కనిపెట్టుట వారి పని. హెచ్.ఐ.వి. సోకినవారిని బంధువులే ముట్టుకొన వెఱచిన దినములలో బత్తలపల్లియందు వారికి మంచమును, మందును, ఆదరణమును లభించినవి. 2020లో కోవిడు వ్యాధి వ్యాపించినప్పుడు ఈ ఆసుపత్రి ఆ రోగుల సేవకు వినియోగపడినది.

నీటి విషయమున చిన్న ఆనకట్టలు, కుంటలు, వాలు పొలములకు గట్లు, పండ్లతోటలకు బిందుసేద్యము మున్నగు పనులు జరిగినవి. వేరుసెనగ యొక్కటియే విత్తి వానపై పందెము కాయు రైతులకు చీని, మామిడి వంటి తోటలును, కొఱ్ఱ, సజ్జ, కంది వంటి మిశ్రమ పంటలును ఆధారమగునని ఫెర్రరుగారే స్థాపించిన అక్సియాన్ ఫ్రాటెర్నా యను సోదరసంస్థ చిరకాలము బోధించినది. సాగునందు మాత్రమే గాక ఆటలయందును ఈ సీమ బిడ్డలకు అవకాశము కలిగినది. 2010లో స్పెయిను టెన్నిసు వీరుడు రఫాయెల్ నాదల్ పేరిట అనంతపురమున పేదపిల్లలకు టెన్నిసును, చదువును నేర్పు పాఠశాల వెలసినది. 2024లో దులీపు ట్రోఫీ క్రికెట్ ఆటలు ఈ సంస్థ మైదానమున జరిగినవి.

యూదుల సేవాసంఘములు

ఇట్టి సేవాపద్ధతి లోకమున మఱియెచ్చటనైనను కలదా యని మా పాఠికలు అడుగవచ్చును. యూదుల సేవాసంఘముల చరిత్ర దీనికి చక్కని తోడు నిచ్చుచున్నది. యూదులు మనకు పూర్తిగా అపరిచితులు గారు. కొచ్చిను చెంత మట్టాంచేరిలో 1568లో కట్టిన వారి ప్రార్థనామందిరము నేటికిని కలదు. తమకొక రాజ్యము లేక దేశదేశముల చెదరిన ఆ జాతివారు తమలోని పేదలను తామే కాపాడుకొనవలసి వచ్చెను. వారి హీబ్రూ భాషలో దానమునకు త్సెదాకా యని పేరు. ఆ మాటకు మూలార్థము న్యాయము. ఇచ్చువాడు దయ చూపుటలేదు, తీర్చవలసినది తీర్చుచున్నాడని దాని భావము.

పండ్రెండవ శతాబ్దమున మైమోనిడీసను యూదపండితుడు దానమునకు ఎనిమిది మెట్లను ఏర్పఱచెను. సణుగుకొనుచు ఇచ్చునది అన్నిటికంటె క్రిందిమెట్టు. ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని ఒకరి మొగ మొకరికి తెలియని దానము దాదాపు పైమెట్టు. అప్పిచ్చియో, వ్యాపారమున భాగస్వామిగా చేర్చుకొనియో, పని చూపియో ఆ మనుష్యుడు మరల ఒకరిని అడుగనక్కఱలేకుండ చేయుట అన్నిటికంటె పైమెట్టు. మన్మాడు రైతునకు వడ్డీలేని యప్పిచ్చి బావి త్రవ్వించిన పని ఈ కడపటి మెట్టునకే చెందును.

ఈ భావమే తరువాతి సంఘములను నడపినది. 1859లో లండనునందు యూదుల పేదల సంరక్షణసభ వెలసినది. వలసవచ్చిన పేదలకు రొట్టెతోపాటు కుట్టుమిషను వంటి పనిముట్లకును అది సాయము చేసెను. 1892లో న్యూయార్కునందు వడ్డీలేని యప్పులిచ్చు సంఘము పుట్టినది. 1893లో చికాగో నగరమున వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ సందర్భముననే యూదస్త్రీల మహాసభయు జరిగినది. దానినుండి హన్నా సాలమను అను గృహిణి నాయకత్వమున యూదస్త్రీల జాతీయసంఘ మేర్పడెను. ఓడ దిగిన ఒంటరి ఆడపిల్లలు దుర్మార్గుల చేతులలో పడకుండ రేవునందే ఎదుర్కొని కాపాడుట ఆ సంఘము చేసిన గొప్ప పని. 1914లో పాలస్తీనాయందలి యూదులు ఆకలిపాలగుచున్నారనియు, ఏబదివేల డాలర్లు కావలయుననియు తంతి రాగా అమెరికా యూదులు ఆ ధనమును కూర్చిరి. ఆ యేడే ఏర్పడిన సంయుక్త సహాయసంఘము తరువాత అనేక దేశములకు వ్యాపించినది.

వీరి యిండ్లలో ఒక యాచారము కలదు. చిన్న డబ్బాను గోడకు తగిలించి, విశ్రాంతిదినమునకు దీపము వెలిగించుటకు ముందు ఇల్లాలును బిడ్డలును అందులో ఒక నాణెము వేయుదురు. ధర్మము పెద్దలకు మాత్రమే గాదని బిడ్డ అన్నముతోపాటు నేర్చుకొనును. మన గాంధీయుగమున పిడికెడు బియ్యము ప్రక్కన దాచి జాతీయోద్యమమున కిచ్చిన తల్లులను ఎఱిగిన మనకు ఈ యాచారము వింతగా తోపదు.

పరుల ధనము, మన ధర్మము

ఇక చెప్పవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. అనంతపురమున జరిగిన పనికి ధనము విశేషముగా వచ్చినది స్పెయినునుండి. 1996లో ఆ దేశమున ఫెర్రరుగారి పేర నొక సంస్థ ఏర్పడెను. అచ్చటి సామాన్య కుటుంబములు, మన సీమను ఎన్నడును చూడనివారు, మాసమాసము కొంత సొమ్ము పంపుచు వచ్చిరి. 1998లో స్పెయిను వారి ప్రసిద్ధమైన ఆస్టూరియాసు రాకుమార బహుమానము ఫెర్రరుగారికి, బంగ్లాదేశపు మహమ్మదు యూనుసు మొదలగు వారితోపాటు లభించెను. 2009 జూను 19న ఫెర్రరుగారు అనంతపురముననే కన్నుమూసిరి. వేలకొలది పల్లెజనులు కడసారి చూపునకు వచ్చిరి. బత్తలపల్లియందే వారి సమాధి కలదు. వ్యక్తి పోయినను సంస్థ నిలిచినది. అన్నేగారును, వారి కుమారుడు మాంచోగారును దాని భారమును వహించిరి.

కాని పరదేశపు ధనము ఎల్లకాలము ఇట్లే వచ్చునా? విదేశ విరాళములు స్వీకరించుటకు కేంద్రప్రభుత్వపు అనుమతి కావలయును. ఆ యనుమతి పునరుద్ధరణ విషయమై 2025లో చిక్కు కలిగినప్పుడు సీమ యంతయు కలవరపడినది. పల్లెలనుండి స్త్రీపురుషులు వచ్చి వీధులలో ఊరేగిరి. ఆసుపత్రి యేమగును, బిడ్డల చదు వేమగునని తల్లులు అడిగిరి. ఆ కలవరము సంస్థయెడ ప్రజలకు గల ప్రేమను చూపినది. ఇంతటి పనికి మూలాధారము మన చేతిలో లేదను సత్యమును గూడ అది చూపినది.

ఈ సత్యమును సంస్థవారు ముందే గుర్తించిరి. భారతదేశముకొఱకు భారతదేశము అను పేర వారు పల్లెలలో హుండీలను పంచిరి. ఒకనాడు సాయము పొందిన కుటుంబమే, రాగులు కొఱ్ఱలు తిని బ్రదుకు కుటుంబమే, ఆ మట్టిహుండీవంటి చిన్న డబ్బాలో రూపాయి రూపాయి వేసి, తనకంటె దీనుడైన మఱియొకని కొఱకు ఇచ్చినది. ఈ హుండీల సొమ్ము స్పెయిను విరాళములముందు చిన్నదే కావచ్చును. కాని చేయి చాపిన మనుష్యుడు చేయి పైకెత్తి ఇచ్చుట ఈ చరిత్రమంతటిలో మిక్కిలి విలువైన ఘట్టమని మేము తలంచుచున్నాము. 1952లో గంజికై గిన్నె పట్టిన తల్లి మనుమరాలు నేడు తన పేరనున్న యింటిలో, తన హుండీలో, పరులకొఱకు నాణెము వేయగలుగుచున్నది.

సోదరీమణులారా! స్పెయినునందలి ఇల్లాలు మన పల్లెబిడ్డను తన బిడ్డగా తలంచినప్పుడు, అనంతపురమునకు నూఱుమైళ్ల దూరముననున్న మనము ఊరకుండుట తగునా? పెద్ద విరాళము లీయవలయునని మేము కోరుటలేదు. వంటింట నొక డబ్బా నుంచి వారమున కొక్కరోజైన బిడ్డలచేత అందులో కొంత వేయింపుడు. ఏ సంస్థకైన ఇచ్చుటకు ముందు మూడు మాటలు విచారింపుడు: సొమ్ము ఊరివెలుపలి వాడవఱకు చేరుచున్నదా? పుచ్చుకొనువారిలో స్త్రీల మాటకు చోటున్నదా? పదేండ్లకు వారు అడుగకుండ బ్రదుకుటకు అది దారి చూపుచున్నదా? ఈ మూడింటికిని అవునను సమాధానము దొరకినచో, ఆ డబ్బా నిండిన నాడే దానిని పంపివేయుడు.